రైలుకట్ట పోసిన ముత్తాత ఎక్కడ దొరుకుతాడు?

కమలాపురం, ఎర్రగుంట్ల, ముద్దనూరు, కొండాపురం స్టేషన్ల చుట్టుపక్కల పల్లెల్లో “మా అబ్బకు అబ్బ రైలుకట్ట పోసినోడే” అనే మాట చాలా ఇండ్లలో ఉంది. ఆయన గ్యాంగులో ఉండెనని ఒకరంటారు, పాపాఘ్ని వంతెనకు రాయి కొట్టినాడని ఇంకొకరంటారు. పేరేమి, ఏ ఊరినుంచి వచ్చినాడు, ఎన్నేండ్లు పని చేసినాడు, ఎప్పుడు పోయినాడు అని అడిగితే మాత్రం కథ అక్కడే నిలిచిపోతుంది. ఆ రైలుదారి పడింది విక్టోరియా రాణి ఏలుబడిలో. అదే కాలంలో ఇంగ్లండులో రైల్వే కూలిగా బతికినవాడి మునిమనవడు ఈ రోజు ఇవే ప్రశ్నలకు జవాబులు తెచ్చుకోగలుగుతున్నాడు. మనవాళ్లకు అది కుదురుతుందా, కుదిరితే ఎంతవరకు, ఏ కాగితాన్ని ఎంత నమ్మవచ్చు అన్నదే ఇక్కడ విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కుదురుతుంది. కానీ ఆ మనిషిని రైల్వే ఆఫీసుల్లో వెతికేవారు చాలావరకు ఉత్తచేతులతో తిరిగి వస్తారు. ఆయన్ను ఊరి లెక్కల్లో, పొలం కాగితాల్లో, కరువు జ్ఞాపకాల్లో వెతకాలి.

ముందు పట్టాల సంగతి. దక్షిణాదిలో మొదటి రైలుదారి 1856 జూలై 1న మొదలైంది, రాయపురం నుంచి వాలాజా రోడ్డు వరకు. వేసింది మద్రాసు రైల్వే కంపెనీ. వాటాదారులు లండన్‌లో ఉండేవారు. వాళ్ల పెట్టుబడి మీద ఏటా 5 శాతం రాబడికి ఇక్కడి సర్కారు పూచీ పడింది. కావలసిన భూమిని కూడా సర్కారే తీసుకుని కంపెనీకి ఊరకే ఇచ్చింది. ఆ కంపెనీయే 1860లలో అరక్కోణం దగ్గర చీలే వాయవ్య దారిని పట్టుకుంది. రేణిగుంట, కోడూరు, రాజంపేట, నందలూరు, కడప, కమలాపురం, ఎర్రగుంట్ల, ముద్దనూరు, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా సాగి 1871లో అది రాయచూరు దగ్గర బొంబాయి వైపునుంచి వచ్చిన దారిని కలిసింది. మద్రాసుకూ బొంబాయికీ రైలు నడిచింది అప్పటినుంచే.

ఈ దారి ప్రొద్దుటూరును, జమ్మలమడుగును, పులివెందులను తాకలేదు. ప్రొద్దుటూరు వాళ్లు ఎర్రగుంట్లలో, జమ్మలమడుగు, పులివెందుల వాళ్లు ముద్దనూరులో దిగి బండ్లు కట్టించుకున్నారు. ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా నంద్యాలకు రైలు పూర్తిగా పడింది 2016లో, అంటే మొదటి దారి పడిన నూటయాభై ఏండ్లకు. పట్టాలు తమ ఊరికి రాకపోయినా పనికి మాత్రం ఈ తాలూకాల జనమే కదిలినారు. అందుకే పులివెందుల వైపు ఒక పల్లెలో రైలుకట్ట ముత్తాత కథ వినబడితే, అక్కడ రైలే లేదు కదా అని కొట్టిపారేయకూడదు.

అదే పదేండ్లలో ఇదే జిల్లాలో మరో పెద్ద మట్టిపని సాగింది. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప దాకా కర్నూలు–కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించింది. రైల్వేల కంటే కాలువలు మేలని జీవితమంతా వాదించిన ఆర్థర్ కాటన్ ఆలోచనల్లోంచి పుట్టిన పని అది. కంపెనీ నష్టపోయి, 1882లో సర్కారు దాన్ని కొనుక్కుంది. వంశచరిత్ర వెతికేవారికి ఈ సంగతి చాలా ముఖ్యం. పార, గడ్డపార, తట్ట పట్టుకుని తిరిగే కుటుంబాలు ఒక ఏడు కాలువ మీద, మరుసటి ఏడు రైలుకట్ట మీద ఉండేవి. నాలుగు తరాల తరువాత ఇంట్లో మిగిలిన మాట “దొరల కాలంలో కట్ట పని” అని మాత్రమే. అది కాలువకట్టా, రైలుకట్టా, చెరువుకట్టా అన్నది ముందు తేల్చుకోవాలి. ముత్తాత పని చేసిన చోటు పేరు ఒక్కటి దొరికినా ఇది తేలుతుంది: చెన్నూరు, మైదుకూరు వైపు చెబితే కాలువ, గంగాయపల్లె, ముద్దనూరు, మంగపట్నం చెబితే రైలు.

ఇంగ్లండులో పని ఎందుకు తేలిక? అక్కడ 1841 జనగణన నుంచి ఇంటింటా ఉన్న మనుషుల పేర్లు, వయసులు, వృత్తులు రాసిన కాగితాలు భద్రంగా ఉన్నాయి. నూరేండ్లు దాటినాక అందరికీ తెరుస్తారు. దానికి తోడు రైల్వే కంపెనీలు తమ పనివాళ్ల రిజిస్టర్లు పెట్టుకున్నాయి. అవి ఇప్పుడు లండన్ శివారు క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఒక పోర్టరు ఏ తేదీన చేరినాడు, వారానికి ఎంత జీతం, ఏ తప్పుకు ఎంత జరిమానా, ఎక్కడికి బదిలీ అన్నవన్నీ ఒక్కో వరుసలో కనబడతాయి.

మద్రాసు రాజధానిలో 1871లోనూ, 1881లోనూ జనగణన జరిగింది. ఇల్లిల్లూ తిరిగి మనుషుల వివరాలు రాసుకున్నారు కూడా. కానీ మొత్తాలు తీసినాక ఆ కాగితాలను ఉంచలేదు. మనకు మిగిలింది తాలూకాల వారీగా, కులాల వారీగా అంకెలు. కంపెనీ సంగతీ అంతే. ఇండియా రైల్వే కంపెనీల మీద సర్కారు తరఫు డైరెక్టరుగా ఉన్న జూలండ్ డాన్వర్స్ ఏటా ఇచ్చిన నివేదికల్లో పనివాళ్ల లెక్కలు ఉంటాయి: యూరోపియన్లు ఇంతమంది, ఈస్టిండియన్లు (ఆంగ్లో ఇండియన్లు) ఇంతమంది, నేటివులు ఇంతమంది. మూడో గడిలో అంకె అన్నిటికంటే పెద్దది. దాంట్లో ఒక్క పేరూ ఉండదు.

లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల గురించి ఈమధ్య మనవాళ్లలో ఆశ పెరిగింది. అవి గొప్ప నిధి, ఒక వర్గానికి. ఇంగ్లండునుంచి ఒప్పందం మీద వచ్చిన ఇంజన్ డ్రైవర్లు, ఫోర్‌మన్లు, ప్లేట్‌లేయర్లు, వాళ్ల పిల్లల బాప్తిస్మాలు, పెండ్లిళ్లు, సమాధులు అన్నీ అక్కడ ఉన్నాయి. గుంతకల్లు, అరక్కోణం వంటి రైల్వే ఊళ్లలో పెరిగిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు వాటి సాయంతో ఐదారు తరాలు వెనక్కి పోగలుగుతున్నాయి. అలాంటివారి కోసమే ఇంగ్లండులో ఒక సంఘం కూడా పనిచేస్తోంది, ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ అని. మద్రాసులో ఏటా అచ్చయిన అసైలం ప్రెస్ ఆల్మనాక్‌లోనూ కంపెనీ అధికారుల పేర్లు దొరుకుతాయి. కమలాపురం గ్యాంగు మనిషి వీటిలో ఉండడు. ఆయన కోసం లండన్ దాకా ఖర్చు పెట్టుకోవద్దనే నేను చెబుతాను.

ఇక్కడ ఒక పోలిక చూడాలి. అదే కాలంలో మద్రాసు రేవునుంచి ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పోయిన తెలుగు కూలి ఉన్నాడు. మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరులో డర్బన్ చేరింది. 1911లో ఈ రవాణా ఆగేదాకా లక్షా 52 వేల మందికి పైగా పోయినారు. వాళ్లలో చాలామంది చెరకు తోటల్లో పడితే, కొందరు నేటాల్ ప్రభుత్వ రైల్వే కింద పనిచేసినారు. ఆ ఓడల జాబితాల్లో ప్రతి మనిషికీ ఒక నంబరుంది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చ ఎక్కడుందో కూడా ఉంది. డర్బన్‌లో ఉన్న తెలుగు కుటుంబం ఇప్పుడు ఆ నంబరు పట్టుకుని తమ ఊరు వెతుక్కుంటూ ఆంధ్రకు వస్తోంది. అంటే సముద్రం దాటి రైల్వేలో పని చేసినవాడి ఊరు దొరుకుతోంది, ఊళ్లోనే ఉండి రైల్వేలో పని చేసినవాడి పేరు దొరకడం లేదు.

కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. ఒప్పంద కూలి పారిపోతే యజమాని పట్టి తేవాలి, అందుకే ఒళ్లంతా గుర్తులు రాసుకున్నారు. ఇక్కడి కూలి పోతే ఇంకొకడు వస్తాడు. మనిషి నుంచి ఏదైనా రాబట్టవలసి వచ్చినప్పుడే ఆ రోజుల్లో దొరతనం మనిషి పేరు రాసుకుంది: శిస్తు రాబట్టాలంటే రాసుకుంది, ఒప్పందం నెరవేర్చుకోవాలంటే రాసుకుంది, నేరం మోపాలంటే రాసుకుంది. కూలి ఇవ్వవలసి వచ్చినప్పుడు రాసుకున్నది మేస్త్రీ పేరు. ముత్తాతను వెతికేవారు ఈ సూత్రాన్ని పట్టుకుంటే దారి దానంతట అదే కనబడుతుంది. ఆయన ఎవరికి బాకీ ఉన్నాడో అక్కడ ఉంటాడు.

మేస్త్రీల పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. మద్రాసు రైల్వే పనులు చాలావరకు పెద్ద ఇంగ్లీషు కాంట్రాక్టర్ల చేతికి పోలేదు. కంపెనీ ఇంజనీర్ల కిందనే చిన్న చిన్న గుత్తలుగా సాగినాయి. మొదటి చీఫ్ ఇంజనీరు జార్జ్ బార్‌క్లే బ్రూస్ వెట్టి లేకుండా స్వేచ్ఛగా వచ్చిన కూలీలతో పని చేయించినవాడని పేరు తెచ్చుకున్నాడు. ఇసుక నదుల్లో ఇటుక బావులు దించి వాటి మీద వంతెన స్తంభాలు లేపే పద్ధతి మీద ఆయన రాసిన వ్యాసానికి లండన్ సివిల్ ఇంజనీర్ల సంస్థ టెల్ఫర్డ్ పతకం ఇచ్చింది. ఆ పద్ధతి మన దేశపు బావితవ్వకం పనే. గుండ్రంగా ఇటుక కట్టి, లోపల ఇసుక తోడుతూ పోతే కట్టడం తన బరువుకు తానే కిందికి దిగుతుంది. నీళ్లు ఊరినాక మునిగి ఇసుక తీసే మనుషులు కావాలి. చెయ్యేరు, పాపాఘ్ని, చిత్రావతి వంటి ఇసుక ఏర్లు దాటే ఈ దారికి అలాంటి నేర్పరులు ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

మట్టిపనిలో లెక్క వేరు. కట్ట పక్కనే గుంత తవ్వి మట్టి తీసేవారు. గుంత మధ్యలో తవ్వకుండా ఒక దిమ్మ వదిలేవారు. దాని ఎత్తును బట్టి ఎంత మట్టి పోయిందో కొలిచి జట్టు మొత్తానికి కూలి కట్టేవారు. ఆ డబ్బు మేస్త్రీ చేతికి వచ్చేది. ఆయన పంచుకునేదానికి కంపెనీతో సంబంధం లేదు. జట్టంటే మగవాళ్లే కాదు. మగవాడు తవ్వుతాడు, ఆడమనిషి తట్ట మోస్తుంది, పిల్లలు కూడా మోస్తారు. వడ్డెర జట్లలో ఇది మామూలు సంగతి. ఆ రోజుల ఇంగ్లీషు రాతల్లో కనబడే ‘వడ్డర్లు’ వీళ్లే. మట్టి పనివాళ్లు, రాతి పనివాళ్లు అని వాళ్లలో రెండు తెగలున్నాయి. రైలుకట్ట పోసిన ముత్తాత అని మనం అనుకునే చోట సగం మోత ముత్తవ్వది. ఇంటి కథల్లో ఆమె పేరు ఇంకా త్వరగా పోతుంది. అందుకే పెద్దవాళ్లను అడిగేటప్పుడు ఆమెది ఏ ఊరు, ఏ ఇంటిపేరు ఇంటినుంచి వచ్చింది అని విడిగా అడగాలి. పెండ్లి సంబంధాల ఊళ్లు పట్టుకుంటే జట్టు ఎటునుంచి ఎటు కదిలిందో చెప్పవచ్చు.

కట్ట పోసినవాళ్లు వేరు, పట్టాలు పడినాక రైల్వేలో నిలిచినవాళ్లు వేరు. ఈ తేడా తెలియక చాలామంది తప్పుదారి పడుతున్నారు. కట్ట పోసినవాడు ఐదారు నెలలు ఉండి పోయినవాడు. గ్యాంగ్‌మన్, కీమన్, గేట్‌మన్, పాయింట్స్‌మన్, పోర్టరు మాత్రం నెలజీతం మనుషులు. మీ ఇంట్లో మూడు తరాలు వరుసగా రైల్వేలో ఉంటే ముత్తాత ఈ రెండో రకం కావచ్చు. అలాంటప్పుడు 1860ల నుంచి ముందుకు కాదు, ఇప్పటినుంచి వెనక్కి పోవాలి. 1907 చివర మద్రాసు రైల్వే కంపెనీ గడువు తీరింది. 1908 జనవరి 1 నుంచి ఈ దారి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే చేతికి వచ్చింది. 1944లో అది సర్కారుపరమైంది, 1951లో దక్షిణ రైల్వేలో కలిసింది, 1977లో గుంతకల్లు డివిజన్ దక్షిణ మధ్య రైల్వేకు మారింది. ఇరవయ్యో శతాబ్దంలో చేరిన అబ్బ సర్వీసు కాగితంలో తండ్రి పేరు, సొంత ఊరు ఉంటాయి. ఆ ఒక్క వరుసే విక్టోరియా కాలానికి తలుపు. పింఛను పుస్తకం, పాత పాసు, ప్రావిడెంట్ ఫండు చీటీ, నందలూరు లోకోషెడ్డు కాలపు క్వార్టరు కాగితం ఇంట్లో ట్రంకుపెట్టెలో ఏది ఉన్నా పారేయకండి.

ఇక ఊరి కాగితాలు. మనది రైతువారీ జిల్లా. 1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీకి వచ్చినాక థామస్ మన్రో పెట్టిన పద్ధతిలో ప్రతి పట్టాదారూ సర్కారుకు నేరుగా శిస్తు కట్టినాడు. కాబట్టి ప్రతి పట్టాదారు పేరూ రాసుకున్నారు. చిన్న చెక్క ఉన్నా చాలు, మనిషి కాగితం మీదికి ఎక్కుతాడు. పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో జరిగిన సర్వే, సెటిల్‌మెంటు రిజిస్టర్లే ఈరోజుకూ రెవెన్యూవాళ్లు ఆర్‌ఎస్‌ఆర్ అనీ డైగ్లాట్ అనీ అనేవి. వాటిలో సర్వే నంబరు, విస్తీర్ణం, తరం, శిస్తు, పట్టా నంబరు, పట్టాదారు పేరు వరుసగా ఉంటాయి. పేరు తరచు ‘ఫలానా బిన్ ఫలానా’ అని తండ్రి పేరుతో కలిపి ఉంటుంది. ఇంటిపేరు చాలాచోట్ల ఉండదు. రైలు పట్టాలు పోయిన సర్వే నంబర్లు విడిగా రైల్వే కింద నమోదై ఉంటాయి. వాటి పక్క నంబర్లు చూడాలి. పొలంలోంచి కట్ట పోయి రెండు ముక్కలైన రైతులే చాలాసార్లు ఆ కట్ట మీద కూలికి పోయినవాళ్లు కూడా. భూమి తీసుకున్నప్పుడు ఇచ్చిన పరిహారపు లెక్కల్లో కూడా మనిషి పేరు ఉంటుంది, ఎందుకంటే అక్కడ సర్కారు రైతు చేత సంతకమో గుర్తో పెట్టించుకోవాలి.

రెవెన్యూ లెక్కల్లో సంవత్సరం ఫసలీలో ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జూలైతో మొదలవుతుంది. ఫసలీ 1286 అంటే 1876–77. ఇది తెలియక తేదీలు కలవడం లేదని వదిలేసినవాళ్లున్నారు.

తాలూకాల చిక్కు అంతకంటే పెద్దది. కమలాపురం మొన్నమొన్నటి దాకా తాలూకా కేంద్రం కాబట్టి పాత కాగితాలన్నీ ఆ పేరు మీదే ఉంటాయని అనుకుంటాం. 1901 నాటి కడప జిల్లా తాలూకాల్లో కమలాపురం లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, కడప, సిద్ధవటం, బద్వేలు, పుల్లంపేట, రాయచోటి, కదిరి, వాయల్పాడు, మదనపల్లె ఉన్నాయి. కమలాపురం చుట్టుపక్కల ఊళ్లు చుట్టూ ఉన్న తాలూకాల కింద ఉండేవి. కాబట్టి ఒక ఊరి కోసం మూడు నాలుగు తాలూకాల కట్టలు విప్పాలి. ముత్తాత కదిరి వైపునుంచి వచ్చినాడంటే అనంతపురం జిల్లాలోనూ, మదనపల్లె వైపునుంచి వచ్చినాడంటే 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా కాగితాల్లోనూ వెతకాలి. ఆ తరువాత 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినాయి. ఈ రెండు మార్పుల్లో ఊరి లెక్కలు కొన్ని కరణాల ఇండ్లలో, కొన్ని ఆఫీసు గదుల్లో చిక్కుకుపోయినాయి. పైస్థాయి కాగితాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, హైదరాబాదు తార్నాకలోని ఆర్కైవ్స్ రెండూ చూడాలి. రైల్వే భూములు, వంతెనలు, ప్రమాదాల మీద మద్రాసు సర్కారు రాసిన ఉత్తర్వులు ఎగ్మూరులో దొరుకుతాయి.

భూమి లేనివాళ్లకు ఏమి దిక్కు? అప్పుపత్రం, తాకట్టు, పాక అమ్మిన దస్తావేజు రిజిస్టరై ఉంటే సబ్‌రిజిస్ట్రారు సూచికల్లో పేరుంటుంది. చావు పుట్టుకలు ఊళ్లలో తప్పనిసరిగా రాయడానికి మద్రాసు రాజధానిలో 1899లో చట్టం వచ్చింది. గ్రామ మునసబు ఆ రిజిస్టరు పెట్టేవాడు. 1860లలో ఇరవై ఏండ్ల కుర్రవాడు 1900 తరువాత చనిపోతే ఆ చావు అక్కడ ఉండవచ్చు. క్రైస్తవం పుచ్చుకున్న కుటుంబాలకు ఇంకొక దారి ఉంది. కడప, జమ్మలమడుగు ప్రాంతాల్లో లండన్ మిషనరీ సొసైటీ పనిచేసింది. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి వాళ్లదే. బాప్తిస్మం, పెండ్లి రిజిస్టర్లు ఇక్కడి చర్చిల్లో, మిషనరీల ఉత్తరాలు లండన్ సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి. ఊరిలో పొలం లేని, పంచాయతీలో మాట లేని దళిత కుటుంబాలకు తొలిసారి పూర్తి పేరుతో రాత దొరికింది చాలాచోట్ల ఈ రిజిస్టర్లలోనే. ముస్లిం కుటుంబాలు ఖాజీల నిఖా పుస్తకాలను అడగాలి.

నోటిమాటకు తక్కువ విలువ ఇవ్వకూడదు. రెడ్లకు పిచ్చుకుంట్లవారు, విశ్వబ్రాహ్మణులకు రుంజలవారు, మాదిగలకు డక్కలివారు గోత్రాలు, వంశాలు చెప్పేవారు. ఆ వృత్తిలో మిగిలినవాళ్లు ఇప్పుడు చాలా కొద్దిమంది. అయితే వాళ్లు చెప్పేది వంశం గొప్ప, వలస వచ్చిన దారి. 1868లో ఎవరు కూలికి పోయినారన్నది వాళ్ల పాటలోకి రాదు. దానికి ఇంట్లో అవ్వలే సాక్ష్యం. వాళ్లు కాలాన్ని చెప్పేది సంవత్సరాల పేర్లతో, కరువులతో. ధాత నామ సంవత్సరం అంటే 1876–77. అదే పేరు 1936లోనూ, 1996లోనూ మళ్లీ వచ్చింది. అరవై ఏండ్ల తేడా పడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి పక్కన ఇంకొక ఆనవాలు కావాలి. పేర్లదీ అదే చిక్కు. మనవడికి తాత పేరు పెట్టడం మన వాడుక. కాగితంలో దొరికిన సుబ్బన్న మీ ముత్తాతా, ఆయన తాతా, పక్కింటి సుబ్బన్నా అన్నది తండ్రి పేరుతో, పొలం నంబరుతో కలిపి చూస్తే తప్ప చెప్పలేం.

ధాత కరువును దాటకుండా ఈ జిల్లాలో ఏ వంశమూ వెనక్కి పోలేదు. 1876 నుంచి 1878 దాకా వానలు లేక, ధాన్యం ధరలు పెరిగి, జబ్బులు తోడై మద్రాసు రాజధాని కూలిపోయింది. కడప, బళ్లారి, కర్నూలు ఘోరంగా దెబ్బతిన్నాయి. 1871లో సుమారు 13 లక్షల 50 వేలున్న కడప జిల్లా జనాభా 1881కి సుమారు 11 లక్షల 20 వేలకు పడిపోయింది. కొత్తగా పడిన ఇదే రైలు మద్రాసు రేవులో దిగిన ధాన్యాన్ని జిల్లాకు మోసుకొచ్చింది. కానీ కొనడానికి కూలివాడి దగ్గర డబ్బు లేదు. సహాయ పనుల్లో రోజుకు ఒక పౌను ధాన్యం, కొంచెం చిల్లర చాలునని కరువు పనుల తనిఖీకి భారత సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్ నిర్ణయించినాడు. అది మనిషి నిలబడడానికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించినాడు. 1860లలో కట్ట పోసిన చేతులే పదేండ్లకు ఈ సహాయ పనుల్లో రాళ్లు కొట్టినాయి. చాలా ఇండ్లలో కథ ఇక్కడే తెగిపోయింది. ముత్తాత ఎక్కడినుంచి వచ్చినాడో చెప్పగలిగినవాళ్లు ఆ రెండేండ్లలో పోయినారు, బతికినవాళ్లు ఊరు మారినారు. మీ వంశవృక్షం 1880 దగ్గర ఆగితే అందులో మీ లోపమేమీ లేదు.

కరువు తరువాత కరువును ఆపే దారులంటూ కొత్త రైళ్లు వచ్చినాయి. గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా నల్లమల దాటి బెజవాడకు వేసిన దారి అలాంటిదే. కడప జిల్లా జట్లు అక్కడికీ పోయి ఉంటాయి కాబట్టి, నల్లమలలో పని చేసినాడని ఇంట్లో చెబితే దాన్ని 1880ల మాటగా పట్టుకోవచ్చు.

రైలు అందరికీ కూడు పెట్టలేదు. తీరం నుంచి ఉప్పు, లోపలినుంచి ధాన్యం ఎద్దుల మీద, గాడిదల మీద మోసి బతికిన ఎరుకల, లంబాడీ కుటుంబాల వృత్తిని రైలు మింగేసింది. ఎరుకలవారి బతుకు ఎలా దెబ్బతిన్నదో, వృత్తి పోయిన మనుషులనే తరువాత నేరస్థ జాతులని ఎలా ముద్ర వేసినారో మీనా రాధాకృష్ణ తన పరిశోధనలో వివరంగా చూపించినారు. మద్రాసు రాజధానిలో నేరస్థ జాతుల చట్టం 1911 నుంచి అమలైంది. స్టువర్టుపురం, సిద్ధాపురం వంటి సెటిల్‌మెంట్లలో పెట్టిన మనుషుల పేర్లు, వేలిముద్రలు, బంధువుల వివరాలు పోలీసులు రాసుకున్నారు. ఒక ఎరుకల కుటుంబానికి ముత్తాత గురించి దొరికే మొదటి రాత పోలీసు రిజిస్టరు కావచ్చు. అది చేదు నిజం. అయినా ఆ కాగితాన్ని వాడుకోవాలి. అందులోని పేరు, ఊరు, తండ్రి పేరు ఆ కుటుంబానివే. ముద్ర మాత్రం రాసినవాడిది.

పుస్తకాల్లో ఏది ఎంత పనికొస్తుంది? గ్రిబుల్ 1875లో రాసిన కడప జిల్లా మాన్యువల్ రైలు పడిన వెంటనే వచ్చింది కాబట్టి ఊళ్లు, దారులు, ధరలు, పంటలు తెలుసుకోవడానికి దాన్ని మించింది లేదు. బ్రాకెన్‌బరీ 1915 గెజెటీర్ తరువాతి మార్పులకు మంచిది. థర్‌స్టన్ 1909లో కులాల మీద తెచ్చిన సంపుటాలు జాగ్రత్తగా చదవాలి. పనిముట్లు, ఆచారాల వివరాలు ఉపయోగపడతాయి, స్వభావాల గురించి ఆయన తీర్పులు వదిలేయాలి. ఇయాన్ కెర్ 1995లో ఇంగ్లీషులో రాసిన, బ్రిటిష్ ఇండియా రైల్వేలు కట్టిన కూలీల చరిత్రను నేను అన్నిటికంటే పైన పెడతాను. కట్టినవాళ్లు లేకుండా కట్టడం చరిత్ర రాయకూడదన్న పట్టుదల అందులో ప్రతి పేజీలో ఉంది. ఆ పుస్తకం చదివితే మీ ముత్తాత పేరు తెలియకపోయినా ఆయన దినం ఎలా గడిచిందో తెలుస్తుంది.

ప్రమాదాల రికార్డు గురించి ఒక మాట. 1902 సెప్టెంబరు 12న ముద్దనూరుకు, కొండాపురానికి నడుమ మంగపట్నం దగ్గర వరదకు వంతెన కొట్టుకుపోయి మెయిలు రైలు వాగులో పడింది. 70 మందికి పైగా చనిపోయినారు. మన ప్రాంతంలో రైలు ముత్తాతల కథలు చాలా ఈ రాత్రి చుట్టూ అల్లుకున్నాయి. ఇలాంటి పెద్ద ప్రమాదాలకు విచారణ జరుగుతుంది, వానాకాలంలో దారి చూసే మనుషుల వాంగ్మూలాలు తీసుకుంటారు, అందుకని అక్కడ కొందరి పేర్లు రాతలోకి వస్తాయి. రోజువారీ చావులు వేరు. పట్టాల మీద ట్రాలీ తగిలినవాడికి, వంతెన మీద చిక్కుకున్న గ్యాంగ్‌మన్‌కు పరిహారం హక్కుగా వచ్చింది 1923 నాటి వర్క్‌మెన్ పరిహార చట్టం తరువాతే. అంతకు ముందు చనిపోయినవాడి ఇంటికి ఇవ్వవలసింది ఏమీ లేదు కాబట్టి రాసుకోవలసిన అవసరమూ పడలేదు.

ఎంత దొరికితే దొరికినట్టు? దీనిమీద నా పట్టింపు గట్టిది. ఇంటి మాట, ఊరి కాగితం, పని జరిగిన కాలం మూడూ ఒకచోట కలిస్తే “మా ముత్తాత ఈ కట్ట మీద పని చేసినాడు” అని ధైర్యంగా రాసుకోవచ్చు. రెండు కలిస్తే “చేసి ఉంటాడు” అనాలి. ఒకటే ఉంటే “చేసినాడని మా ఇంట్లో చెబుతారు” అని రాసి ఆపాలి. ఈ మూడు మాటల తేడాను వంశచరిత్రలో చెరపకూడదు. లేనిపోని పేరు ఒకటి అతికిస్తే తరువాతి తరం దాన్నే పట్టుకుని ఇంకో యాభై ఏండ్లు తప్పుదారిన నడుస్తుంది.

తొందర పడవలసిన పని కూడా ఉంది. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేతో ఊరూరా పాత సర్వే నంబర్లు మారుతున్నాయి. కొత్త నంబర్లు వచ్చినాక పాత డైగ్లాట్‌తో ఆఫీసులకు రోజువారీ పని ఉండదు. పని లేని రిజిస్టరు చెదలకు పోతుంది. ప్రతి మండలంలో ఉన్న విక్టోరియా కాలపు రిజిస్టర్లను, మునసబుల చావు పుట్టుకల పుస్తకాలను, కరణాల ఇండ్లలో మిగిలిన కట్టలను ఫొటోలు తీయించి జిల్లాలోనే ఒకచోట పెట్టాలి. కడపలో సి.పి. బ్రౌన్ పేరిట పరిశోధన కేంద్రం ఉంది, ఊళ్ల పాత చరిత్రలైన కైఫీయత్తులను అచ్చు వేయించిన అనుభవమూ ఉంది. కైఫీయత్తుల్లో రాజులు, పాలెగాళ్లు, గుళ్లు ఉన్నాయి. పట్టాదారుల రిజిస్టర్లలో మనమందరం ఉన్నాం. ఆ పని ఆ కేంద్రమే భుజాన వేసుకోవాలని, కమలాపురం, ముద్దనూరు, కొండాపురం మండలాలతో మొదలుపెట్టాలని నేను కోరుతున్నాను. రైలుదారి వెంట ఉన్న ఊళ్ల రిజిస్టర్లు ముందు, మిగిలినవి తరువాత.